కట్లు విప్పండి

చనిపోయిన లాజరును యేసు సమాధిలోంచి బ్రతికించిన అధ్యాయం తెరిచినప్పుడల్లా, ప్రభువు అతణ్ణి బయటికి పిలిచిన మాటకన్నా ఆ తర్వాతి మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను. బ్రతికి వచ్చినవాడి కాళ్లకూ చేతులకూ ప్రేతవస్త్రాలు అలాగే ఉన్నాయి, ముఖానికి రుమాలు అలాగే ఉంది. అప్పుడు యేసు చుట్టూ ఉన్నవాళ్లతో, "మీరు అతని కట్లు విప్పి పోనియ్యుడి" అన్నాడు (యోహాను 11:44). ఒక్క మాటతో లేపినవాడికి ఆ గుడ్డలు ఊడదీయడం ఎంత పని? అయినా దాన్ని మనుషులకే అప్పగించాడు.

మా చిన్నాన్న ఇరవై ఏళ్లు తాగాడు. ఆదివారం చర్చి దాకా వచ్చి కూడా లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. చెప్పులు విడిచేచోట గోడకు ఆనుకుని పాటలు వినేవాడు. పిలిస్తే "నా దగ్గర వాసనొస్తుందిరా" అనేవాడు. సమాధి దగ్గర లాజరు సోదరి మార్త కూడా వాసన గురించే భయపడింది. ప్రభువు మాత్రం రాయి తీయించాడు.

ఒక ఉపవాస ప్రార్థనలో చిన్నాన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రాత్రే ఇంట్లో ఉన్న సీసా పారబోశాడు. మేమంతా స్తోత్రాలు చెల్లించాం. మర్నాటికి చేతులు వణకడం మొదలైంది, ఒళ్లంతా చెమట. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. ఎవరో దయ్యం అన్నారు. పిన్ని ఆ మాట పట్టించుకోకుండా ఆటో పిలిచింది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చని, డాక్టర్ల పర్యవేక్షణలోనే మాన్పించాలని ఆసుపత్రిలో చెప్పారు. అక్కడిచ్చే మాత్రలు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు. అవీ కట్లు విప్పే చేతులే. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు వ్యసనాలు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఉచితంగా ఫోన్ చేసి అడగవచ్చు.

తప్పు మేం చేశాం. నెల తిరక్కుండానే చిన్నాన్న చేతికి మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పించాం. తర్వాత ఓ పెళ్లిలో మళ్లీ తాగాడు. అంతమంది ముందు చెప్పిన మాట తప్పానన్న సిగ్గుతో నాలుగు నెలలు ఎవరికీ ముఖం చూపించలేదు. లాజరు పలికిన మాట సువార్తలో ఒక్కటి కూడా లేదు. పన్నెండో అధ్యాయంలో అతను యేసుతో కలిసి భోజనానికి కూర్చున్నవారిలో ఒకడు, అంతే. మేం చిన్నాన్నను అలా కూర్చోనివ్వాల్సింది.

ఆ నాలుగు నెలలూ ఆయన్ని వదలనిది మా సంఘ పెద్ద, రిటైరైన లైన్‌మన్. రోజూ సాయంత్రం ఆరున్నరకి, సరిగ్గా మనసు మందు మీదికి లాగే వేళకి, ఇంటికి వచ్చేవారు. వాక్యం చెప్పేవారు కాదు. పిన్ని ఇచ్చిన టీ తాగి, బెల్టు షాపు లేని దారిలో ఇద్దరూ చెరువు గట్టు దాకా నడిచి వచ్చేవాళ్లు.

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైంది కూడా ఇలాంటి తోడుతోనే. అప్పటికి కొన్ని నెలలుగా తాగుడు మానేసిన బిల్ విల్సన్‌కి ఆ పరాయి ఊళ్లో మళ్లీ తాగాలనిపించింది. తనలాంటి ఇంకో మనిషి కోసం వెతికాడు. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసంలోని వాళ్ల ద్వారా డాక్టర్ బాబ్ దొరికాడు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత కూడా డాక్టర్ బాబ్ ఒకసారి తాగాడు. బిల్ ఆయన్ని వదిలి వెళ్లలేదు. బాబ్ చివరిసారి తాగిన జూన్ 10నే ఆ సహవాసం వాళ్లు తమ పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటారు. ఆ తేదీ తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

అయిదో నెల మొదటి ఆదివారం చిన్నాన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల జరుగుతోంది. మా సంఘంలో ఇచ్చేది పులియని ద్రాక్షరసమే. చిన్న గిన్నె అందుకోగానే ఆయన చెయ్యి వణికింది. పక్కనున్న సంఘ పెద్ద తన అరచెయ్యి కింద పట్టారు. రసం కాస్త తొణికి పెద్దాయన తెల్లచొక్కా చేతి మీద పడింది. ఆయన చెయ్యి తియ్యలేదు.