స్టీమ్ బాయిలర్‌కి రిటర్న్ పైపు మార్పించాం: నా అనుభవం

న్యూజెర్సీలో మేం కొన్న పాత ఇంట్లో హీటింగ్ అంతా ఆవిరితోనే. రేడియేటర్‌లోకి ఆవిరి ఎక్కేదీ, అది చల్లబడి నీళ్ళయి దిగేదీ ఒకే పైపులో. ఆ నీళ్ళు బేస్‌మెంట్‌లో కాంక్రీటు కింద పూడ్చిన రిటర్న్ పైపు గుండా మళ్ళీ బాయిలర్‌కి చేరాలి. చలి ముదిరేసరికి బాయిలర్ పక్కనున్న గాజు గొట్టంలో నీటిమట్టం అస్తమానం పడిపోవడం మొదలైంది. ఎంత పట్టినా నిలవదు, ఎక్కడా తడి కనపడదు. చూడ్డానికి వచ్చినాయన బాయిలరే మార్చాలన్నాడు. వేల డాలర్ల మాట, ఒకటే టెన్షన్.

ఇంకో ప్లంబర్‌ని పిలిచాం, పెద్దాయన. బాయిలర్ ఆపి, చల్లారాక మామూలు మట్టం కంటే బాగా పైదాకా నీళ్ళు నింపించాడు. బాయిలర్ కింద చుక్క పడలేదు. గొట్టంలో మట్టం మాత్రం మెల్లగా దిగుతూ వచ్చి, మామూలు గీతకు రెండంగుళాల కింద ఆగిపోయింది. ఇక కదల్లేదు. అంటే బాయిలర్ బాగానే ఉంది, చిల్లు రిటర్న్‌లోనే.

అక్కడే ఆగడానికి కారణం హార్ట్‌ఫర్డ్ లూప్. రిటర్న్‌ని నేరుగా బాయిలర్ అడుక్కి కలపరు. పైనున్న హెడర్ (బాయిలర్ నుంచి ఆవిరిని ఇంట్లోకి పంపే అడ్డ పైపు) నుంచి బాయిలర్ అడుగుకు దిగే ఈక్వలైజర్ అనే నిలువు పైపుకి, నీటిమట్టానికి కాస్త కిందగా కలుపుతారు. రిటర్న్ ఎక్కడ పగిలినా నీళ్ళు ఆ అతుకు దాకానే పోతాయి. మంట మీద బాయిలర్ ఎండిపోయే ప్రమాదం తప్పుతుంది. 1919లో హార్ట్‌ఫర్డ్ బాయిలర్ బీమా కంపెనీ తెచ్చిన ఈ ఏర్పాటు ఎంత గొప్పదో ఆ రోజు కళ్ళారా చూశాను.

పాత పైపుని నేలలోనే వదిలేసి, గోడ వెంబడి కొత్తది వేయించాం. కానీ బాయిలర్ మరగగానే ఢాం ఢాం మని సుత్తితో కొట్టినట్టు చప్పుడు. పనివాళ్ళు లూప్ అతుకు దగ్గర పొడవాటి నిపుల్ (రెండు ఫిటింగుల్ని కలిపే అడ్డ పైపు ముక్క) పెట్టారు, అదీ నీటిమట్టానికి మరీ దగ్గరగా. మట్టం కాస్త ఊగితే చాలు, ఆవిరి ఆ అడ్డ ముక్కలోకి దూరి చల్లటి నీళ్ళు తగిలి ఒక్కసారిగా కుప్పకూలుతోంది. బాయిలర్ మాన్యువల్‌లో బొమ్మ చూపించి పట్టుబట్టాను. రెండంగుళాలు కిందకి దించి, రెండు ఫిటింగులూ దాదాపు ఆనుకునేంత పొట్టి నిపుల్ వేశారు. చప్పుడు పోయింది.

రిటర్న్ చివర ఒక డ్రెయిన్ వాల్వ్ కూడా పెట్టించాను. తుప్పు మడ్డి చేరేది అక్కడే, తిప్పితే బకెట్‌లోకి వచ్చేస్తుంది.