ఒప్పజెప్పే శనివారాలు

శనివారం సాయంత్రం మా ఇంట్లో పద్యాల వేళ. గ్లాస్గోలో డిసెంబర్ వస్తే నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది. దేవుడి దగ్గర దీపం పెట్టి, పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని పద్యం ఒప్పజెప్పమంటాను. ఒక్క మాట పొల్లుపోయినా మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే. మా నాన్న నాకు అలాగే నేర్పారు.

మొన్న దాని స్కూల్ ప్రాజెక్టు కోసం పాత స్కాటిష్ చిత్రాలు వెతుకుతుంటే, జాన్ ఫిలిప్ 1847లో వేసిన ‘ప్రెస్బిటీరియన్ కాటకైజింగ్’ కనబడింది. అప్పట్లో చర్చి మినిస్టరు, అంటే పాస్టరు, ఇళ్లకు వచ్చి మతపాఠం ఒప్పజెప్పించుకునేవాడు. బొమ్మలో ఉన్నది అదే. ఆ పాఠం 1640ల్లో తయారైంది. అంతా ప్రశ్నలూ జవాబులే, మొత్తం 107. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా పిల్లలు వాటినే కంఠతా పట్టారు. మొదటి ప్రశ్నే, మనిషి పుట్టుకకు పరమార్థం ఏమిటని! ఏడేళ్ల పిల్ల ఏం చెబుతుంది పాపం, పుస్తకంలో ఉన్నది చెబుతుంది.

“ఈయన నీలాగే అడుగుతున్నాడమ్మా” అంది పాప. మనసు చివుక్కుమంది.

ఇంకో చిత్రం డేవిడ్ విల్కీది, 1837 నాటిది. స్కాటిష్ కవి రాబర్ట్ బర్న్స్ కవిత ఆధారంగా వేశాడు. ఆ కవితలో వారమంతా ఒళ్లు హూనం చేసుకున్న పేద రైతు శనివారం రాత్రి భోజనాలయ్యాక టోపీ తీసి పక్కన పెట్టి, పెద్ద బైబిల్ తెరిచి ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తాడు. ఎవరినీ ఏదీ అడగడు. విల్కీ స్కాట్లండ్‌లోని ఫైఫ్‌లో ఒక చర్చి మినిస్టరు కొడుకే, ఇలాంటి ఇళ్లు అతనికి కొత్త కాదు.

ఆ శనివారం ఒప్పజెప్పమనలేదు. పోతన భాగవతం తెరిచి గజేంద్రమోక్షం నేనే చదివాను. అదివరకే దానికి నోటికొచ్చిన పద్యమే.

“పర్యంకం అంటే?” అంది. రెండేళ్లుగా తడుముకోకుండా చెబుతున్న మాట అది!

“పాన్పు తల్లీ. కలువపూల పాన్పు.”

“అక్కడున్నాడా ఏనుగు పిలిచినప్పుడు? మరి వెంటనే లేచాడా?”

“లేచాడు. లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా పరిగెత్తాడు.”

“చెప్పకుండానా!” అంటూ నా ఒళ్లోకి జరిగి, పేజీ తనే తిప్పింది.