నచికేతుడు చూసిన ఆవులు, మన ఊరి ఆంబోతు

పీతోదకా జగ్ధతృణా దుగ్ధదోహా నిరింద్రియాః
అనందా నామ తే లోకాస్తాన్ స గచ్ఛతి తా దదత్

కఠోపనిషత్తు మొదట్లోనే వస్తుంది ఈ శ్లోకం. వాజశ్రవసుడు యాగం చేసి ఆవుల్ని దానమిస్తున్నాడు. అవేమో ఇక నీళ్లు తాగలేవు, గడ్డి మేయలేవు, పాలు ఎప్పుడో పిండుకున్నారు, ఈనే శక్తి లేదు. ఇలాంటివి ఇచ్చినవాడు ఆనందం లేని లోకాలకు పోతాడే అని కొడుకు నచికేతుడు తల్లడిల్లాడు. యముడు ఏం చెప్పాడో వినాలన్న తొందరలో మనం ఈ శ్లోకాన్ని దాటేస్తాం. ప్రకాశం జిల్లా వాళ్లం మాత్రం ఇక్కడ కాస్త ఆగాలి.

వెనకటి రోజుల్లో మన వైపు ఎవరైనా పోతే వాళ్ల పేరున శివుడికి కోడెదూడను వదిలేవాళ్లు. వృషోత్సర్గం అంటారు. ఏదో ఒక దూడ అంటే కుదరదు. మూపురం ఎలా ఉంది, కాళ్లు తీరుగా ఉన్నాయా, తల్లి ఎన్ని పాలిచ్చేది అన్నీ చూసి పెద్దలు సరేనన్నదాన్నే ముద్ర వేసి వదలాలి. ఆపైన అది ఎవరి చేలో పడి మేసినా కర్ర ఎత్తకూడదు.

మిగతా కోడెలకు విత్తులు నొక్కించి అరకకు కట్టేవాళ్లు. వాటికి సంతానం ఉండదు. ఊరి ఆవులకు దూడల్ని ఇచ్చేది దేవుడికి వదిలిన ఆంబోతే. అదే శివుడికి బక్కదూడను అంటగట్టి, బలమైనదాన్ని దుక్కికి ఉంచుకుని ఉంటే? ఆ ఏడు లాభమే. కొన్ని తరాలు గడిచేసరికి మంద మొత్తం బక్కచిక్కిపోయేది. ఏ తల్లిదండ్రుల బిడ్డలు నిలిచారన్నదాన్ని బట్టే ప్రాణులు తరతరానికీ మారుతూ వస్తాయి. ఒంగోలు గిత్తకు ఆ తెల్లటి ఒళ్లు, వేలాడే గంగడోలు రావడంలో గుండ్లకమ్మ, పాలేరు ఒడ్డు మేతకూ, మన రోహిణి ఎండకూ భాగం ఉంది. భక్తికీ ఉందని నా గట్టి నమ్మకం.

ఆ జాతి 19వ శతాబ్దంలోనే ఓడెక్కి బ్రెజిల్ చేరింది. అక్కడ దాని పేరు నెలోర్. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. ఇప్పుడు ఆ దేశంలో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఈ రక్తమే. ఆ మాట తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇక్కడేమో ట్రాక్టర్లు వచ్చాయి, ఆంబోతు లేకుండానే ఆవును చూడి కట్టించే ఎద సూది వచ్చింది, చేల చుట్టూ కంచెలు లేచాయి. ఆంబోతు తిరగడానికి చోటే లేదు. కాలంతో పాటు ఊరు మారుతుంది, అందులో తప్పేమీ లేదు. మంచిది మనకు, మిగిలింది దేవుడికి అనే అలవాటే నన్ను బాధిస్తుంది. వంటకు పనికిరాని నూనె దీపారాధనకు కొంటాం. బట్టల కొట్లో పంచె అడిగితే "కట్టుకోడానికా, పెట్టడానికా?" అంటారు. పెట్టడానికైతే పల్చటిది తీస్తారు, మనమూ అదే పట్టుకొస్తాం.

మీ ఊళ్లో ఇంకా ఒంగోలు కోడెను సాకుతున్న రైతు ఉంటే, ఈసారి మీ పెద్దల ఆబ్దికం పేరున ఆయనకు ఓ బండెడు జొన్నచొప్ప తోలించండి. వానకు తడిసి నల్లబడ్డది వద్దు. మీ సొంత గొడ్డుకు ఏది వేస్తారో అదే తోలించండి.