బల్ల మీద సీరీస్ బల్బు, అన్నిటికన్నా చివర స్పీకరు

ఆదివారం. పొద్దున ఎనిమిదింటికి గోడ సాకెట్‌లో మీటరు పెడితే 246 వోల్టులు. లెక్క ప్రకారం 230 రావాలి. ఆంప్లిఫయరు కట్టాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. తర్వాతి లెక్కలన్నీ దీన్ని బట్టే మారతాయి.

ఇవాళ్టి పని, సోల్డరింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు సరిపడే చిన్న స్టీరియో ఆంప్లిఫయరు. పాటను పెంచి స్పీకరుకిచ్చే టీడీఏ 2030ఏ ఐసీలు రెండు, 12-0-12 వోల్టుల 3 ఆంపుల ట్రాన్స్‌ఫార్మరు, ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడుల బ్రిడ్జి ఒకటి, 4700 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్లు రెండు. హైదరాబాదులో ఉన్నవాళ్లకు కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరికే సామాను. 8 ఓంల స్పీకరుకు ఒక్కో వైపు 12 వాట్లు వస్తాయి, హాలుకు ధారాళంగా చాలు.

ట్రాన్స్‌ఫార్మరు మీద 12 అని ఉన్నా, లోడు లేనప్పుడు ఇవాళ 13.9 చూపించింది. దాన్ని 1.41తో గుణించి, డయోడులో పోయే 0.7 తీసేస్తే 18.9. బ్రిడ్జి, కెపాసిటర్లు కలిపాక మీటరూ అదే చెప్పింది, అటు ప్లస్ 18.9, ఇటు మైనస్ 18.9. మామూలు టీడీఏ 2030 తట్టుకునేది 18 దాకానే. చివర ‘ఏ’ ఉన్నది 22 దాకా ఓర్చుకుంటుంది. షాపులో రెండూ ఒకటే అంటే నమ్మొద్దు, ఐసీ మీద అక్షరం చదివి తీసుకోవాలి.

కెపాసిటరు మీద చార ఉన్న వైపు కాలు మైనస్. ఇందులో ఒక తిరకాసు ఉంది. మైనస్ లైనులో ఉండే కెపాసిటరుకు ప్లస్ కాలు గ్రౌండుకు (సున్నా వోల్టుల మధ్య తీగకు) వెళ్లాలి. కొత్తవాళ్లు అలవాటుగా రెండింటి మైనస్ కాళ్లూ గ్రౌండుకే కలిపేస్తారు. తిరగబడ్డ కెపాసిటరు వేడెక్కి, ఉబ్బి, పైమూత చీలుతుంది. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మొహం బోర్డు మీదికి వంచకూడదు.

సోల్డరింగ్‌కు 25 వాట్ల ఐరన్, 60/40 లెడ్ (తగరం, సీసం కలిపిన అతుకు తీగ) చాలు. ఐరన్ మొన మీద లెడ్ కరిగించి తెచ్చి కాలికి పూస్తే అది అతుకు కాదు. లెడ్ లోపలి ఫ్లక్సు (లోహాన్ని శుభ్రం చేసే పదార్థం) దారిలోనే కాలిపోతుంది, అతుకు డ్రై అవుతుంది, అంటే సరిగ్గా పట్టదు, ఆర్నెల్ల తర్వాత ఒక వైపు పాట ఆగిపోతుంది. బిందెకు మాటు వేసేవాళ్లు ముందు బిందెను కాలుస్తారు కదా, ఇదీ అంతే. కాలినీ రాగి గుండ్రాన్నీ కలిపి రెండు సెకన్లు వేడి చేసి, అప్పుడు లెడ్ తాకించాలి. మంచి అతుకు చిన్న గుట్టలా వాలుగా, మెరుస్తూ ఉంటుంది. గోళీలా నిలబడితే మళ్లీ చేయాల్సిందే.

మధ్యాహ్నం మొదటి స్విచ్చి. నేరుగా కాదు, 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును ఫేజులో సీరీస్‌గా పెట్టి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. అంతా బాగుంటే కెపాసిటర్లు నిండేవరకు బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. ఇవాళ మసకబారలేదు, వెలుగుతూనే ఉంది. అంటే ఎక్కడో షార్టు.

కరెంటు తీసి, 100 ఓంల 5 వాట్ల రెసిస్టరుతో కెపాసిటర్లు ఒక్కోటీ మూడు సెకన్లు ఖాళీ చేశాక (స్క్రూడ్రైవరుతో మాత్రం వద్దు, నిప్పురవ్వలొస్తాయి, కాళ్లు దెబ్బతింటాయి) కొలత మొదలు. ఈ ఐసీ వెనక రేకు మూడో కాలికి, అంటే మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. ఐసీ వేడిని లాగే అల్యూమినియం హీట్‌సింకు క్యాబినెట్‌కు, క్యాబినెట్ గ్రౌండుకు తగిలి ఉంటాయి. అందుకే మధ్యలో కరెంటు పారనివ్వని పల్చని మైకా పొర పెడతారు. రేకుకూ హీట్‌సింకుకూ మధ్య మీటరు 0.3 ఓం చూపించింది. స్క్రూ విప్పితే మైకాలో గుండుసూది మొనంత రంధ్రం. డ్రిల్లు వేసిన చోట అంచున మిగిలిన సన్నని అల్యూమినియం ముల్లు దాన్ని పొడిచేసింది. పెద్ద బిట్టు చేత్తో తిప్పి ముల్లు తీసేసి, కొత్త మైకాకు రెండు వైపులా పల్చగా హీట్ పేస్టు రాసి, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వేశాక షార్టు పోయింది. ఈసారి బల్బు మెరిసి ఆరింది. సీరీస్ బల్బు లేకపోతే బ్రిడ్జి కాలిపోయేది.

స్పీకరు ఇప్పుడూ కాదు. ఇన్‌పుట్ గ్రౌండుకు కలిపి, అవుట్‌పుట్‌లో డీసీ చూడాలి. ఒక వైపు 12 మిల్లీవోల్టులు, రెండో వైపు 19. వంద లోపు ఉంటే ధైర్యంగా స్పీకరు కలపొచ్చు. వోల్టుల్లో ఉంటే కాయిలు మాడిపోతుంది. డీసీ లేకపోయినా, పాట లేకపోయినా ఐసీ కాలుతుంటే అవుట్‌పుట్ దగ్గరి 1 ఓం రెసిస్టరు, 0.22 మైక్రోఫారడ్ కెపాసిటరు జత సరిగ్గా ఉందా చూడాలి. అది లేకుంటే చెవికి వినపడని ఆసిలేషన్‌తో (తనంతట తనే ఊగిపోవడంతో) ఐసీ వేడెక్కుతుంది.

సాయంత్రం పాట వచ్చింది, కింద గుర్రుమనే చప్పుడూ వచ్చింది. కేబులు తీసేసి ఇన్‌పుట్ గ్రౌండుకు కలిపినా పోలేదు కాబట్టి తప్పు ఇన్‌పుట్ కేబులుది కాదు. స్పీకరు తిరుగు వైరు ఇన్‌పుట్ గ్రౌండుకు అతికి ఉంది. ఆ దారిలో ఆంపుల కరెంటు పోతుంటే సన్నని ట్రాకులో ఎంతో కొంత వోల్టేజి పుడుతుంది, ఆంప్లిఫయరు దాన్నీ పాట అనుకుని 33 రెట్లు పెంచుతుంది. 22 కే, 680 ఓంల రెసిస్టర్ల నిష్పత్తికి ఒకటి కలిపితే అంతే మరి. రెండు కెపాసిటర్లు కలిసే చోటును ఒకే గ్రౌండు బిందువు చేసి, స్పీకరు వైర్లు అక్కడికి నేరుగా లావు వైరుతో, ఇన్‌పుట్ గ్రౌండు విడిగా సన్న వైరుతో తెస్తే చప్పుడు ఆగింది. ట్వీటరుకు (సన్నని శబ్దాల చిన్న స్పీకరుకు) చెవి ఆనిస్తే తప్ప ఏమీ వినిపించడం లేదు.

రేపటికి మిగిలినవి: ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీలో (గోడ కరెంటు వచ్చే వైపు) అర ఆంపు స్లో ఫ్యూజు, క్యాబినెట్‌కు ఎర్తు వైరు, 10కే వాల్యూం పాట్ (నాబుతో తిప్పే రెసిస్టరు). పాట్ మీద ‘ఏ’ అక్షరం ఉండాలి. ‘బీ’ అయితే నాబు పావు వంతు తిప్పేసరికే మోత చాలావరకు వచ్చేస్తుంది.