తెగడానికే పెట్టిన పిన్ను

మన కోనసీమ నుంచి వచ్చి అమెరికాలోని బఫెలో లాంటి చలి ఊళ్లో ఇల్లు కొనుక్కున్న కుర్రాళ్ళకి నేను ముందు చెప్పేది ఒకటే. వాకిట్లో మంచు తీసే మెషిన్ స్నో బ్లోయర్‌తో పాటు, ఏదైనా ఇరుక్కుంటే తెగిపోయే దాని షియర్ పిన్నులు ఒక ప్యాకెట్ ఎక్కువ కొని, గరాజ్‌లో కళ్ళకి కనపడేలా పెట్టుకోండి. షాపుకి వెళ్ళి తెచ్చుకుందాం అనుకున్నా, ముందు కారు బయటికి రావాలి కదా.

ఈరీ సరస్సు మీదుగా వచ్చే చలిగాలి ఆ నీటి తేమని ఎత్తుకొచ్చి ఇక్కడ మంచుగా దింపుతుంది. 2022 నవంబరులో బఫెలో పక్కనే ఉన్న ఆర్చర్డ్ పార్క్‌లో ఆరడుగులు దాటి పడింది. అంత ఏటా పడదు గానీ, అడుగు మంచు పడినా ఫ్యాక్టరీలో ఉదయం 7 గంటల షిఫ్టుకి అందుకోవాలంటే తెల్లవారుజామునే వాకిలి తీయాల్సిందే. ఆకాశం నుంచి పడ్డ మంచుతో పెద్ద ఇబ్బంది లేదు. రోడ్డు తీసే బండి పోతూ పోతూ మన డ్రైవ్‌వే మొదట్లో గట్టి గడ్డలన్నీ అడ్డంగా పోసి పోతుంది. పిన్ను తెగేది అక్కడే.

వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో ఊరెళ్ళినప్పుడు, తెగిన పిన్ను ఒకటి అంబాజీపేట దగ్గర మా మావయ్య షెడ్డుకి పట్టుకెళ్ళాను. సార్వా దమ్ములకి ముందు చుట్టుపక్కల పవర్ టిల్లర్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. చిటికెన వేలంత పిన్ను, నడుమ సన్నటి గాడి, సరిగ్గా ఆ గాడి దగ్గరే తెగి లోపలి ఇనుము మెరుస్తోంది. ముందుండే మర లాంటి ఆగర్ మంచుని లోపలికి లాగుతుందనీ, వెనకున్న ఫ్యాను దాన్ని గొట్టంలోంచి దూరంగా విసురుతుందనీ, ఆగర్‌ని దాని ఇరుసుకి పట్టి ఉంచేవి ఈ పిన్నులేననీ చెప్పాను.

షెడ్డులో పనిచేసే కుర్రాడు "ఆయ్, గట్టి బోల్టు వేసేస్తే గొడవే ఉండదు కదండీ" అన్నాడు.

మావయ్య పిన్నుని వేళ్ళ మధ్య తిప్పుతూ, "బోల్టు బతుకుద్దిరా, గేర్‌బాక్సు పోద్ది. అంతేనా అల్లుడూ?" అన్నాడు.

అంతే. రాయో, మంచుగడ్డో ఇరుక్కున్నప్పుడు పిన్ను తెగి గేర్‌బాక్సుని కాపాడుతుంది. అందుకే ఏ మోడల్‌కి ఆ పిన్నే వేయాలి. కొత్తది వేసే ముందు ఇంజన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయాలి.

ఇంజన్ బలాన్ని ఆగర్‌కి అందించే బెల్టు సంగతి ఆయనకి చెప్పక్కర్లేకపోయింది. మంచు దగ్గర్లోనే పడుతోందంటే బెల్టు జారుతోందేమో చూసుకోవాలి. హ్యాండిల్ మీది లివర్ నుంచి వచ్చే కేబుల్ బిగించాలి గానీ, మరీ బిగిస్తే ఆ లివర్ వదిలినా ఆగర్ తిరుగుతూనే ఉంటుంది, అది ప్రమాదం. వదిలిన కొన్ని సెకన్లలో ఆగిపోవాలి.

అక్టోబరులోనే, నేల పొడిగా ఉన్నప్పుడు, రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూసి, మెషిన్ ఎత్తుని నిలిపే, అడుగున రెండు పక్కలా ఉండే స్కిడ్ షూలు సరిచేసుకోవాలి. తారు డ్రైవ్‌వే అయితే అడుగున నేలని గీకే స్క్రేపర్ పట్టీ కింద సుమారు 3 మిల్లీమీటర్ల సందు చాలు. పట్టీ కింద పల్చటి అట్ట పెట్టి, షూల బోల్టులు వదులుచేసి నేలకి ఆననిచ్చి బిగిస్తే సరిపోతుంది. కంకర వాకిలి అయితే కనీసం అంగుళం పైకి లేపాలి, లేదంటే రాళ్ళు ఎగిరి ఎవరి కిటికీకో తగులుతాయి.

ఇక చెయ్యి. తడి మంచు గొట్టంలో గడ్డకట్టినప్పుడు చేతి తొడుగు ఉంది కదా అని వేళ్ళు పెట్టి వేళ్ళు పోగొట్టుకున్న వాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. ఇంజన్ ఆపినా లోపల బిగుతు మిగిలి ఉండి, గడ్డ వదలగానే ఫ్యాను ఒక్కసారి గిర్రున తిరగొచ్చు. మెషిన్‌తో ఇచ్చే కర్రతోనే పొడవండి. షిఫ్టుకి ఆలస్యమైతే అవనివ్వండి, పై ఆఫీసరుకి ఫోన్ చేసి చెప్పొచ్చు. టెన్షన్‌లో ఉన్నప్పుడే చెయ్యి లోపలికి వెళ్తుంది.

గరాజ్‌లో మెషిన్ స్టార్ట్ చేయకండి, తలుపు తెరిచి ఉన్నా సరే. ఇంజన్ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మావయ్య టిల్లర్లు డీజిల్‌వి కాబట్టి కార్బ్యురేటర్ బాధ ఆయనకి లేదు, మనకి ఉంది. ఇక్కడి పెట్రోలులో సాధారణంగా పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమని పీలుస్తుంది. వేసవంతా ట్యాంకులో వదిలేస్తే పాతబడిన పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటర్‌లో పెట్రోలు పోయే సన్నటి రంధ్రం, అంటే జెట్, పూడిపోతుంది. ఏప్రిల్‌లో దాచే ముందు పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ మందు ట్యాంకులో కలిపి కాసేపు ఇంజన్ నడపండి, లేదా ట్యాంకు ఖాళీ చేసి తనంతట ఆగేదాకా నడపండి.