గరిజె అంచు

జనవరి 12, నల్లగొండ

పొద్దున సకినాలు అయిపోయాయి. అన్నం తిన్నాక గరిజెలకు కూర్చున్నాం. పిండి ఒత్తి, పుట్నాల పొడీ బెల్లమూ పెట్టి మడవడం నా పని. అంచు అల్లడం మాత్రం అమ్మదే. అది సరిగా అతుక్కోకపోతే నూనెలో విచ్చుకుని పొడంతా పోతుంది.

అమ్మ చేతిలో గరిజెను చూడగానే పాన్ అనే చందమామ గుర్తొచ్చింది. చేతులు కడుక్కుని ఫోన్‌లో ఫొటో తీసి చూపించాను. "ఎవరు చేసిండ్రు? అంచు మస్తు మందం పెట్టిండ్రు" అంది. శని గ్రహం చుట్టూ తిరిగే చిన్న చందమామ అని చెప్పాను. అన్నయ్యకు ఏలినాటి శని అన్నప్పుడు ప్రతి శనివారం గుడికెళ్లి తైలాభిషేకం చేయించిన మనిషి. చాలాసేపు ఫోన్ వదల్లేదు.

"మరి ఆ అంచు ఎవరు మడిచిండ్రు బిడ్డా?"

ఇంత మంచి ప్రశ్న నన్ను ఈ మధ్య ఎవరూ అడగలేదు. సకినం చుట్ల మధ్య సందు చూపించి చెప్పాను. శని వలయాల్లోనూ ఇలాగే 325 కిలోమీటర్ల సందు ఒకటుంది, ఎంకీ ఖాళీ అంటారు. పాన్ తిరిగేది అందులోనే. అడ్డంగా కొలిస్తే ఇక్కడి నుంచి మిర్యాలగూడకు పోయేంత కూడా ఉండదు. వలయాలేమో దానికన్నా ఎంతో పలచన. అందుకే వాటి పొడి పాన్ మీద అంతటా పడకుండా నడుము చుట్టూనే పేరుకుంది. పాన్ ఆకర్షణ చాలా తక్కువ కాబట్టి ఆ గట్టు కూలి సర్దుకుపోలేదు, అలాగే నిలిచింది.

నాకు ఇంకా ఇష్టమైన సంగతి వేరే ఉంది. వాయేజర్ 2 అంతరిక్ష నౌక శని ఫొటోలు తీసింది 1981లో. పాన్ వాటిలోనే ఉంది, ఎవరికీ కనబడలేదు. ఆ సందు అంచులు అలలు అలలుగా ఉన్నాయంటే లోపల ఏదో తిరుగుతుండాలని లెక్క కట్టి, 1990లో మార్క్ షోవాల్టర్ అనే శాస్త్రవేత్త అవే పాత ఫొటోలు మళ్లీ వెతికాడు. చుక్కంత దొరికింది. ఈ గరిజె రూపం ఇంత స్పష్టంగా కనబడడానికి మాత్రం 2017 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. కస్సీని నౌక 25 వేల కిలోమీటర్ల లోపు దూరం నుంచి తీసిన ఫొటోలవి. రాళ్లూ గుంతలూ కాదు, మెత్తగా ఒత్తినట్టున్న ఆ గట్టు చూసి ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

"ఆ మిషిను ఇంకా ఆడనే ఉందా?" అంది అమ్మ.

లేదన్నాను. ఇంధనం అయిపోవచ్చింది, ఆ సెప్టెంబర్ 15న శని లోపలికే పంపేశారు. చివరి నిమిషాల్లో కూడా సమాచారం పంపుతూనే కాలిపోయింది.

"అయ్యో" అని అమ్మ ఫొటోను ఇంకోసారి చూసింది. ఫోన్ అద్దం మీద పిండి వేళ్ల ముద్రలు పడ్డాయి. ఇంకా తుడవలేదు.