బాబాయి అటక మీద గడియారం

పర్లాకిమిడి నుంచి బాబాయి ఫోన్. “ఒరేయ్, అటక మీద అమెరికా చెక్క గడియారం దొరికింది, లక్షలు పలుకుతుందంటున్నారు, వచ్చి చూడు.” బరంపురంలో గడియారాల పిచ్చోడు ఎవడంటే మా చుట్టాలంతా నన్నే చూపిస్తారు మరి. ఆదివారం బస్సెక్కాను. గడియారం తలుపు తీసి టార్చి వేస్తే లోపల ఇత్తడి చక్రాలు, స్ప్రింగులు, వెనక కాగితం మీద ఆన్సోనియా అని అమెరికా కంపెనీ పేరు. మంచి గడియారమే, కాకపోతే చెక్క ఉన్నది పెట్టెకే.

అసలు చెక్క యంత్రమంటే పళ్ల చక్రాలతో సహా చెక్కే. అమెరికాలోని కనెక్టికట్‌లో ఈలై టెర్రీ అనే ఆయన ముందు నిలువెత్తు గడియారాల కోసం 4000 యంత్రాలు నీటి బలంతో తయారుచేసి, తర్వాత 1816లో అల్మరా మీద పెట్టుకునే చిన్నదానికి పేటెంట్ తీసుకున్నాడు. చక్రాలను పట్టి ఉంచే పలకలు ఓక్ చెక్క, చక్రాలు చెర్రీ చెక్క. స్ప్రింగు ఉండదు, దారాలకు వేలాడే ఇనుప బరువులే నడిపిస్తాయి, అదీ 30 గంటలే, కాబట్టి రోజూ కీ ఇవ్వాల్సిందే. 1830ల చివర్లో చవక ఇత్తడి యంత్రం వచ్చేసరికి వీటి పని అయిపోయింది. తేమకు చెక్క ఉబ్బుతుంది కదా, ఓడల్లో దూరదేశాలకు పంపడానికి ఇత్తడివే పనికొచ్చాయి. బాబాయి అటక మీదికి చేరిందీ ఆ రకమే.

నా దగ్గర చెక్కది ఒక్కటుంది, మేనల్లుడు అమెరికా నుంచి మోసుకొచ్చాడు. వీడియో కాల్‌లో నేనే ఎంచాను, తలుపు అద్దం మీద బొమ్మ నిగనిగలాడుతోందని మురిసిపోయి. ఆ అద్దాలకు రంగు వెనక నుంచి వేస్తారు, ఇన్నేళ్లలో ఎక్కడా పెచ్చు లేవకుండా ఉంటుందా? ఎవరో ఈమధ్య వేసిన బొమ్మే. ఇప్పుడైతే ముందు లోపల అంటించిన కాగితం పెట్టెతో పాటే మాసిందో లేదో చూస్తాను, తర్వాత యంత్రం వేరే పెట్టెలోంచి తెచ్చిందేమోనని పాత మేకు రంధ్రాలు వెతుకుతాను. విరిగిన పన్ను ఒకటి రెండు చోట్ల అతికించి ఉంటే నాకు అభ్యంతరం లేదు. కొత్త పాలిష్ కొట్టారా, ధర సగానికి తగ్గించమంటాను.

మన వానాకాలంలో దానికి సెలవే. జూలై వచ్చిందంటే చక్రాలు బిగుసుకుని ఆగిపోతుంది, దసరా దాకా నేనూ ముట్టుకోను.

“పోనీ మనదానికి పాలిష్ పెట్టించనా?” అన్నాడు బాబాయి. వద్దంటే వద్దన్నాను. ఈలోగా వాళ్లబ్బాయి ‘అరుదైన చెక్క గడియారం’ అని ఫోటో తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేశాడట.